సునామీ సినిమాలో పిల్లాడే స్పైడర్‌మ్యానా? టామ్ హాలండ్ చిన్నప్పటి సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి

కారంపొడి_గుంటూరు | శనివారం, రాత్రి 12:10

నిద్ర పట్టక ‘ది ఇంపాజిబుల్’ అని 2012 నాటి సినిమా పెట్టాను. 2004 సునామీ కథ. థాయిలాండ్‌కి సెలవులకి వెళ్లిన కుటుంబం అలల్లో చెల్లాచెదురవుతుంది, తల్లీ పెద్దకొడుకూ ఒక దిక్కు, తండ్రీ ఇద్దరు చిన్నపిల్లలూ ఇంకో దిక్కు. నీళ్లు కాస్త తగ్గాక తల్లి ముందు నడుస్తుంటుంది, కాలి వెనక కండ చీలిపోయి వేలాడుతుంటుంది, వెనక వస్తున్న పిల్లాడికి అది కనిపిస్తుంది. వాడి మొహం చూశాక నేను పాజ్ కొట్టి, లేచి మంచినీళ్లు తాగొచ్చి మళ్లీ కూర్చున్నాను. అంత పని చేశాడు.

చివర్లో పేర్లు పడుతుంటే టామ్ హాలండ్ అని ఉంది. మన స్పైడర్‌మ్యాన్ టామ్ హాలండే! ఇన్నాళ్లూ నాకు తెలీదు. మా బావ మాత్రం “స్పైడర్‌మ్యాన్‌కి ముందు వాడి మొహం ఎవడికి తెలుసు, లాటరీ తగిలింది అంతే” అంటున్నాడు. వాడి నోరు మూయించాలి. అంతకుముందు ఏం చేసేవాడో తెలిసినవాళ్లు చెప్పండి.

నేలటికెట్ | రాత్రి 12:31

లాటరీ కాదు తమ్ముడూ, నాన్న. వాళ్ల నాన్న డొమినిక్ హాలండ్ కమెడియన్. ఇక్కడైనా అక్కడైనా ఇదే కథ, ఇంట్లో ఒకడు ఫీల్డులో ఉంటే పిల్లోడికి తలుపు తెరిచే ఉంటుంది.

పీటర్_కూకట్‌పల్లి | రాత్రి 12:44

నేలటికెట్ అన్నా, మొదలెట్టేశావా. డొమినిక్ హాలండ్ మన దగ్గర హీరో కొడుకుని లాంచ్ చేసే నాన్న టైపు కాదు. స్టాండప్ కామెడీ చేసేవాడు, 1993లో ఎడిన్‌బరాలో కొత్తవాళ్లకిచ్చే పెరియర్ అవార్డు కొట్టాడు, ఇక పెద్ద స్టార్ అవుతాడనుకున్నారు, అవ్వలేదు. ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు, కొడుకు తనని దాటి పోవడం మీద 2013లో ఏకంగా పుస్తకమే రాశాడు. దాని పేరు ‘ఎక్లిప్స్‌డ్’, అంటే గ్రహణం పట్టిందని! తన మీద తనే జోకులేసుకుంటూ రాసిన నాన్న పలుకుబడితో ఎవడు పైకొస్తాడు చెప్పు.

బేసిక్ వివరాలు: పుట్టింది 1996 జూన్ 1న, లండన్ నైరుతి మూల కింగ్‌స్టన్ అపాన్ థేమ్స్‌లో. అమ్మ నికీ ఫొటోగ్రాఫర్. తర్వాత ముగ్గురు తమ్ముళ్లు, శామ్, హ్యారీ కవలలు, చిన్నోడు ప్యాడీ. మిగతాది పొద్దున రాస్తా, నిద్రొస్తోంది.

నేలటికెట్ | రాత్రి 12:50

పుస్తకం రాసేంత తీరిక, పిల్లల్ని ఆడిషన్లకి తిప్పేంత వెసులుబాటు ఉన్న ఇల్లు కదా మరి. కూలోడి కొడుకైతే కాదుగా. సర్లే, పడుకో.

స్టెప్పుల_మాస్టారు | ఆదివారం, ఉదయం 6:55

ఈ టాపిక్ నాది. విజయవాడలో పదిహేనేళ్లుగా పిల్లలకి డ్యాన్స్ నేర్పుతున్నాను, ఈ అబ్బాయి కథ మా క్లాసులో కనీసం వందసార్లు చెప్పి ఉంటాను.

టామ్ మొదట నటుడు కాదు, డ్యాన్సర్. చిన్నప్పుడు జానెట్ జాక్సన్ పాటకి గెంతుతుంటే చూసి వాళ్లమ్మ వింబుల్డన్‌లో ఒక డ్యాన్స్ స్కూల్లో వేసింది. అక్కడ నేర్చుకున్నది హిప్‌హాప్. 2006లో రిచ్‌మండ్ డ్యాన్స్ ఫెస్టివల్‌లో ఆడుతుంటే లిన్ పేజ్ అనే ఆవిడ కంట్లో పడ్డాడు. ‘బిల్లీ ఎలియట్’ మ్యూజికల్‌కి నృత్యాలు కూర్చిన పీటర్ డార్లింగ్ దగ్గర ఆవిడ సహాయకురాలు. రమ్మన్నారు కదా అని మర్నాడే స్టేజీ ఎక్కించలేదు. రెండేళ్ల శిక్షణ, ఎనిమిది ఆడిషన్లు. మళ్లీ చదవండి, రెండేళ్లు, ఎనిమిది.

ఆ నాటకం తెలియనివాళ్ల కోసం: 1984-85లో ఇంగ్లండ్ ఉత్తరాన బొగ్గుగని కార్మికుల సమ్మె జరుగుతుంటుంది, ఒక గని కార్మికుడి కొడుకుని బాక్సింగ్ నేర్చుకోమని పంపితే వాడు పోయి బ్యాలే నేర్చుకుంటాడు. దాదాపు మూడు గంటల ప్రదర్శన. బిల్లీ వేషం వేసే పిల్లాడు దాదాపు ప్రతి సీనులో ఉంటాడు. బ్యాలే చెయ్యాలి, ట్యాప్ (బూట్లతో తాళం వేస్తూ ఆడే డ్యాన్స్) చెయ్యాలి, పల్టీలు కొట్టాలి, పాడాలి, ఏడిపించాలి, పైగా ఇదంతా లండన్ యాసలో కాదు, ఉత్తరాది యాసలో. ఏ పిల్లాడూ వారమంతా ఇది చెయ్యలేడు, చెయ్యనివ్వరు కూడా. అందుకే ఒకే సమయంలో ముగ్గురు నలుగురు బిల్లీలుంటారు, వంతులు పడతారు. ఈలోపు గొంతు మారినా, ఒక్కసారిగా పొడుగు సాగినా వేషం పోతుంది. అంటే ఎంత కష్టపడినా ఆ అవకాశానికి గడువు ముందే రాసి ఉంటుంది. ఆ టెన్షన్ పదేళ్ల పిల్లాడికి!

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. బ్యాలేలో మామూలుగా నాలుగైదేళ్లకే మొదలెడతారు, వీడు పదేళ్లప్పుడు సున్నా నుంచి మొదలెట్టాడు. 2008 జూన్ 28న మొదటిసారి స్టేజీ ఎక్కాడు, అదీ బిల్లీగా కాదు, బిల్లీ స్నేహితుడు మైకేల్‌గా. సెప్టెంబర్ 8న బిల్లీ అయ్యాడు. 2010 మే 29 దాకా చేశాడు.

స్పైడర్‌మ్యాన్‌గా వాడు గోడ మీంచి దూకి నేల మీద వాలేటప్పుడు ఆ మోకాళ్ల మెత్తదనం చూడండి. అది జిమ్‌లో వచ్చేది కాదు.

కారంపొడి_గుంటూరు | ఉదయం 7:20

మాస్టారూ, సూపర్. బావకి స్క్రీన్‌షాట్ పంపాను, బ్లూ టిక్స్ పడ్డాయి, రిప్లై లేదు 😂

బాబిగాడి_అమ్మ | ఉదయం 9:05

నేనెప్పుడూ చదివి వెళ్లిపోయేదాన్నే, ఇక్కడ రాయడం మొదటిసారి. టామ్ హాలండ్‌కి ఏడేళ్లప్పుడు డిస్లెక్సియా (అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) అని తేల్చారని ఎక్కడో విన్నాను, నిజమేనా? మా బాబుకి మూడో తరగతిలో తెలిసింది. అప్పటిదాకా వాడి స్కూల్లో (పేరు వద్దులెండి) నోట్‌బుక్ నిండా ఎర్ర సున్నాలు, “ఇంట్లో చదివించట్లేదా” అని నాకు చీవాట్లు. ‘బడి’ని ‘డబి’ అని రాసేవాడు. బద్ధకం అనుకుని నేనూ రెండు దెబ్బలేశాను, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గొంతుకి అడ్డం పడుతుంది.

పీటర్_కూకట్‌పల్లి | ఉదయం 9:40

నిజమే అక్కా. ఏడేళ్లకి తేలింది. దాని కోసమే అమ్మానాన్నలు వాడిని వింబుల్డన్‌లో డాన్‌హెడ్ అనే ప్రైవేటు స్కూల్లో వేశారు. (నేలటికెట్ అన్న దీన్ని పట్టుకుంటాడని తెలుసు. అవును, ఫీజు కట్టారు.) తర్వాత వింబుల్డన్ కాలేజ్, పేరుకి కాలేజ్ గానీ అది హైస్కూలే. అక్కడ మగపిల్లలంతా రగ్బీ ఆడేవాళ్లు, మనోడూ ఆడేవాడు, కానీ స్కూల్ జిమ్ములో బ్యాలే బిగుతు ప్యాంటు వేసుకుని టీచర్‌తో ఒక్కడే ప్రాక్టీస్ చేస్తుంటే మిగతావాళ్లు కిటికీలోంచి చూస్తూ ఉండేవాళ్లట. ఏడిపించారు కూడా. ఈ విషయం చాలా ఇంటర్వ్యూల్లో వాడే చెప్పాడు.

స్టెప్పుల_మాస్టారు | ఉదయం 10:15

ఆ కిటికీ నాకు బాగా తెలుసు. మా హాలుకి వీధి వైపు గ్రిల్లు ఉంది, సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చే మగపిల్లలు దాన్ని పట్టుకుని వేలాడుతూ “ఏరా, ఆడపిల్లలా ఏంటా ఊపుడు” అంటారు. పోయినేడు ఒక పిల్లాడు అందుకే మానేశాడు. నేను సగం గ్రిల్లుకి పాత ఫ్లెక్సీ కట్టాను. మాకు ముప్ఫై నలభై మైళ్ల లోపే కూచిపూడి ఉంది. ఆ ఊళ్లో తరతరాలుగా ఆడింది మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా వస్తే జనం కళ్లార్పేవారు కాదు. అలాంటి ప్రాంతంలో మగపిల్లాడు గజ్జె కడితే ఎగతాళి!

నేలటికెట్ | ఉదయం 10:48

మాస్టారి మాటకి దండం. నా పాయింటు వేరే. కష్టపడలేదని నేనలేదు, కష్టపడే అవకాశం అందరికీ రాదంటున్నాను. రెండేళ్లు పిల్లాడిని రిహార్సల్స్‌కి తీసుకెళ్లి తీసుకురావడానికే ఒక మనిషి కావాలి.

పీటర్_కూకట్‌పల్లి | ఉదయం 10:55

ఇప్పుడు న్యాయంగా మాట్లాడావ్. ఇది ఒప్పుకుంటా.

క్రాయిడన్_శీను | ఆదివారం, మధ్యాహ్నం 3:30

ఇక్కడ లండన్‌లో పొద్దున పదైంది, ఇప్పుడే చూశాను. మా ఏరియా పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదని బాధేసింది. వింబుల్డన్ కాలేజ్ తర్వాత టామ్ చదివింది మా క్రాయిడన్‌లో, బ్రిట్ స్కూల్. నేను రోజూ ఆఫీసుకి వెళ్లే రైలు సెల్‌హర్స్ట్ స్టేషన్‌లో ఆగుతుంది, గిటార్ బ్యాగులు, డ్యాన్స్ బూట్లు చేతికి తగిలించుకున్న పిల్లలు గుంపుగా దిగుతారు. అది ప్రభుత్వ డబ్బుతో నడిచే కళల స్కూల్, ఫీజు లేదు, ఆడిషన్ లాంటిది పెట్టి తీసుకుంటారు. 1991లో మొదలైంది. గాయని అడెల్ చదివింది అక్కడే, ఏమీ వైన్‌హౌస్ కూడా కొంతకాలం ఉంది. నేలటికెట్ గారూ, మీ ప్రశ్నకి ఇక్కడివాళ్లు వెతుక్కున్న సమాధానాల్లో ఇదొకటి, సరిపోదనుకోండి.

ఇంకోటి. ఇక్కడ పిల్లలతో ప్రొఫెషనల్ షో చేయించాలంటే సాధారణంగా స్థానిక కౌన్సిల్ లైసెన్స్ ఇవ్వాలి. రోజుకి ఎన్ని గంటలు, మధ్యలో ఎంత విరామం, చదువు ఎలా, అన్నిటికీ లెక్కుంటుంది. పిల్లాడి వెంట అనుమతి ఉన్న సంరక్షకుడో, కన్నవాళ్లలో ఒకరో ఉండాలి. మాస్టారు చెప్పిన వంతుల వెనక ఇదీ ఒక కారణం.

‘బిల్లీ ఎలియట్’ ఆడింది విక్టోరియా స్టేషన్ ఎదురుగా ఉన్న విక్టోరియా ప్యాలెస్ థియేటర్‌లో. ఇప్పుడు వేరే షో నడుస్తోంది. ఈసారి లండన్ వచ్చినవాళ్లు అక్కడ ఆగి తలెత్తి చూడండి, గోపురం మీద బంగారు రంగులో ఒక బ్యాలే నర్తకి బొమ్మ ఉంటుంది, అన్నా పావ్లోవా. నేను మూడేళ్లు దాని కిందనుంచే నడిచాను, ఒకరోజు బస్సు రాక తలెత్తితే కనిపించింది.

బందరు_లడ్డు | సాయంత్రం 5:10

ఆ సినిమా నేను సగమే చూడగలిగాను. 2004 డిసెంబర్ 26, ఆదివారం, పౌర్ణమి. సముద్రస్నానాలకని జనం పొద్దున్నే మంగినపూడి బీచ్‌కి వెళ్లారు. మా పిన్నీవాళ్లు ఆటో దొరక్క ఆలస్యమై బతికారు. వాళ్లు చేరేసరికి ఒడ్డున చెప్పులు, తువ్వాళ్లు, పసుపు కుంకుమ సంచులు ఉన్నాయి, మనుషులు లేరు. సినిమాలో ఆ నీళ్ల శబ్దం రాగానే మా పిన్ని టీవీ ఆపెయ్యమంది.

ఆ పిల్లాడు అంత చిన్న వయసులో అదెలా చేశాడో నాకిప్పటికీ ఆశ్చర్యమే. నిజం నీళ్లేనా, గ్రాఫిక్సా?

పీటర్_కూకట్‌పల్లి | సాయంత్రం 5:45

నీళ్లు నిజమే అన్నా. స్పెయిన్‌లో అలికాంతే దగ్గర స్టూడియోలో పెద్ద ట్యాంకు కట్టి తీశారు, వారాల తరబడి తల్లి వేషం వేసిన నవోమీ వాట్స్, వీడూ అందులోనే ఉన్నారు. మిగతాది థాయిలాండ్‌లో. దర్శకుడు హువాన్ ఆంతోనియో బయోనా. కథ కూడా నిజంగా జరిగిందే, అసలు కుటుంబం స్పెయిన్‌వాళ్లు, సినిమాలో ఇంగ్లిష్‌వాళ్లని చేశారు. తండ్రిగా యువాన్ మెక్‌గ్రెగర్.

తేదీలు గమనించండి. 2010 మేలో బిల్లీగా చివరి షో, అదే ఏడాది ఈ సినిమా షూటింగ్. పద్నాలుగేళ్లు. మొట్టమొదటి సినిమా! అంతకుముందు సినిమా కెమెరా ముందు నటించిందే లేదు. అమెరికాలో నేషనల్ బోర్డ్ ఆఫ్ రివ్యూ వాళ్లు కొత్త నటుడిగా అవార్డిచ్చారు. ఆస్పత్రిలో సీను గుర్తుందా, తప్పిపోయినవాళ్ల పేర్లు రాసుకుని వరండాల్లో అరుస్తూ తిరుగుతాడు? కథ మొదట్లో తమ్ముళ్లని విసుక్కునే పిల్లాడు అక్కడికొచ్చేసరికి పెద్దవాడైపోతాడు. ఆ మార్పుకి డైలాగు ఉండదు, నడకలో చూపిస్తాడు.

స్టెప్పుల_మాస్టారు | సాయంత్రం 6:02

నడకలో! అదే నేను పొద్దుటి నుంచీ మొత్తుకుంటున్నది. క్లాసుకి టైమైంది, మళ్లీ వస్తా.

నేలటికెట్ | రాత్రి 8:15

సరే, 2012లో అంత పేరొస్తే 2016లో స్పైడర్‌మ్యాన్‌గా కనిపించేదాకా ఏమైపోయాడు?

పీటర్_కూకట్‌పల్లి | రాత్రి 8:50

ఈ మధ్య కాలమే నాకు ఇష్టం, ఎందుకంటే ఎవరూ పట్టించుకోరు. చేశాడు, కానీ అన్నీ పక్క వేషాలు. 2013లో ‘హౌ ఐ లివ్ నౌ’లో సర్షా రోనన్ పక్కన. అదే ఏడు ‘లాక్’ అని టామ్ హార్డీ సినిమా, అందులో మనోడు కనిపించడు కూడా, ఫోన్లో కొడుకు గొంతు మాత్రమే. 2015లో బీబీసీ సీరియల్ ‘వుల్ఫ్ హాల్’లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ కొడుకు గ్రెగరీ. అదే ఏడు ‘ఇన్ ది హార్ట్ ఆఫ్ ది సీ’, తిమింగలం ఓడని గుద్దేసి మనుషులు పడవల్లో ఆకలితో మాడిపోయే కథ, దానికోసం క్రిస్ హెమ్స్‌వర్త్‌తో పాటు కడుపు మాడ్చుకున్నాడు.

మధ్యలో అవకాశాలు రాని రోజుల్లో వాళ్లమ్మ ఏం చేసిందో తెలుసా? కార్డిఫ్‌లో వడ్రంగం కోర్సులో చేర్చింది! సినిమా ఉంటే ఉంటుంది, లేకపోతే చేతిలో ఒక పని ఉండాలని.

ఇంకా ఉంది. ‘స్టార్ వార్స్’ కొత్త సినిమాలో ఫిన్ వేషానికి నాలుగైదుసార్లు ఆడిషన్ ఇచ్చాడట. సీరియస్ సీను, ఎదురుగా ఒకావిడ రోబో డైలాగులన్నీ “బ్లీప్ బ్లూప్” అని చదువుతోంది, వీడికి నవ్వాగలేదు. వేషం పోయింది. లండన్ కుర్రాడే జాన్ బోయెగాకి వెళ్లింది.

కారంపొడి_గుంటూరు | రాత్రి 9:00

మా నాన్న కూడా అదే, “యాక్టింగ్ చెయ్, ఐటీఐ కూడా చెయ్” 😂 అమ్మలు నాన్నలు ఎక్కడైనా ఒకటే.

పీటర్_కూకట్‌పల్లి | రాత్రి 9:25

ఇక స్పైడర్‌మ్యాన్ ఎలా వచ్చిందంటే, నెలల తరబడి ఆడిషన్లు. ఇంట్లో వీడియోలు తీసి పంపాడు, పల్టీలు కొట్టి మరీ. తర్వాత ఐరన్‌మ్యాన్ రాబర్ట్ డౌనీ జూనియర్‌తో స్క్రీన్ టెస్ట్, ఆపైన కెప్టెన్ అమెరికా క్రిస్ ఇవాన్స్‌తో. ఇవాన్స్‌తో చేసినప్పుడు నడుచుకుంటూ రాకుండా పల్టీ కొట్టి ఫ్రేములోకి వచ్చాడట. మాస్టారూ, మీరు లేనప్పుడు రాస్తున్నా గానీ ఇది మీకే. అందరూ డైలాగు చెప్పగలరు, ఆ వయసులో సూటు లోపల తనే ఉండి దూకగలిగేవాడు ఎంతమంది? ‘బిల్లీ ఎలియట్’ అప్పు స్పైడర్‌మ్యాన్ కంపెనీ మార్వెల్ తీర్చింది.

ఇంత జరిగి, వేషం ఖాయమైందని ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. 2015 జూన్ 23న ఇంట్లో ఉండగా ఇన్‌స్టాలో మార్వెల్ పోస్టు చూసి తెలుసుకున్నాడు. కిందకి పరిగెత్తుకెళ్లి ఇంట్లోవాళ్లకి చెబితే తమ్ముడు హ్యారీ నమ్మలేదట, అకౌంటు హ్యాకై ఉంటుందన్నాడట. అప్పటికి పంతొమ్మిదేళ్లు నిండి మూడు వారాలు.

వీడి మొదటి సోలో స్పైడర్‌మ్యాన్ సినిమా ‘హోమ్‌కమింగ్’కి ముందు అమెరికా పిల్లలెలా ఉంటారో చూడ్డానికి న్యూయార్క్‌లోని బ్రాంక్స్ సైన్స్ హైస్కూల్లో కొన్ని రోజులు దొంగ పేరుతో, అమెరికన్ యాసతో కూర్చున్నాడు. ఒకమ్మాయికి “నేనే స్పైడర్‌మ్యాన్” అని చెప్పేస్తే ఆమె నమ్మలేదు. నోట్లో నువ్వుగింజ నానదని అప్పుడే తేలిపోయింది 😄

బందరు_లడ్డు | రాత్రి 9:40

2021 డిసెంబర్ గుర్తుందా? వీడి స్పైడర్‌మ్యాన్ సినిమా ‘నో వే హోమ్’ మనకి గురువారం 16న, అమెరికా కంటే ఒకరోజు ముందు, మర్నాడు ‘పుష్ప’. మా ఊళ్లో వరసగా రెండు రోజులు కాలేజీ ఖాళీ.

నేలటికెట్ | రాత్రి 10:05

చైల్డ్ ఆర్టిస్టులు పెద్దయ్యాక నిలబడటం అరుదు. మన దగ్గర తేజ సజ్జా నిలబడ్డాడు, 1998లో ‘చూడాలని వుంది’లో బుడ్డోడు, 2024లో ‘హనుమాన్’. మధ్యలో అందరూ మర్చిపోయిన కాలం వాడికీ ఉంది. అంతేగానీ వీళ్లు ఎవరికీ నేను వ్యతిరేకం కాదు. లాటరీ అన్న మాట మాత్రం తప్పే, ఒప్పుకుంటున్నా. నేనన్నది నాన్న గురించి, అదీ సగం వెనక్కి తీసుకుంటున్నా. సగమే.

క్రాయిడన్_శీను | రాత్రి 11:20

2024లో వీడు మళ్లీ స్టేజీ ఎక్కాడు, డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌లో రోమియోగా. బిల్లీ తర్వాత పద్నాలుగేళ్లకి లండన్ స్టేజీ మీదికి. టిక్కెట్ల కోసం మా ఆవిడ లాప్‌టాప్‌లో, నేను ఫోన్లో ఆన్‌లైన్ క్యూలో నిలబడ్డాం, మా వంతు వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ థియేటర్ వెనక గుమ్మం దగ్గరికి వెళ్లాను. బారికేడ్లు, వందల్లో జనం, అందరి చేతుల్లో ఫోన్లు. ముప్పావుగంట నిలబడితే కారెక్కుతూ ఒక్క క్షణం కనిపించాడు. మనం అనుకునే కంటే పొట్టి.

బాబిగాడి_అమ్మ | సోమవారం, ఉదయం 7:10

రాత్రి ఈ పేజీ మొత్తం మా బాబుకి చదివి వినిపించాను. ఎనిమిది ఆడిషన్లు, పల్టీలు అన్నీ విన్నాడు. చివర్లో “ఇప్పుడు వాడికి స్పెల్లింగులు కరెక్టుగా వస్తాయా” అని అడిగాడు. ఏం చెప్పాలో తెలీలేదు.

పీటర్_కూకట్‌పల్లి | ఉదయం 7:32

స్పెల్లింగ్ తనకి ఎప్పుడూ కష్టమేనని వాడే చెప్పుకున్నాడు అక్కా. అదే చెప్పండి.

స్టెప్పుల_మాస్టారు | ఉదయం 7:50

అమ్మా, మీరు ఏ ఊరు? బెజవాడ దగ్గరైతే బాబుని ఒకసారి తీసుకురండి, ఆదివారాలు ఏడింటికి చిన్నపిల్లల బ్యాచ్. ఫ్లెక్సీ గ్రిల్లంతా కట్టించేశాను.

కారంపొడి_గుంటూరు | ఉదయం 8:15

బావ రిప్లై ఇచ్చాడు. “సరే గానీ, పాత స్పైడర్‌మ్యాన్ టోబీయే బెస్ట్.”